డిప్రెషన్‌ను చూపించే పరీక్ష ఉందా? సెరటోనిన్ కథ తప్పైతే మందు ఎందుకు వేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ చెల్లెలికి 27 ఏళ్ళు, హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. కొన్ని నెలలుగా గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. సైకియాట్రిస్టు ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 10 మిల్లీగ్రాములు రాశారు. ఏడు వారాలకు సగం మేర తేలికపడింది. ఈలోగా "డిప్రెషన్ అంటే సెరటోనిన్ తగ్గడం అన్నది అబద్ధమని తేలిపోయింది" అనే వీడియో ఒకటి మీ ఇంట్లో అందరూ చూశారు. ఇంకోపక్క ఒక ల్యాబ్ వాళ్ళు మెదడు రసాయనాల పరీక్ష చేసి లోపం ఏంటో చెప్తామంటున్నారు. పరీక్ష చేయించాలా, వీడియోలో చెప్పింది నిజమా, మందు ఆపేయొచ్చా?

ఆ పరీక్ష చేయించొద్దు. వీడియోలో చెప్పింది కొంత నిజం, కానీ దాన్నుంచి తీసిన ముగింపు తప్పు. మందు మీ అంతట మీరు ఆపొద్దు.

నేను సైకియాట్రిస్టును. పీజీ తర్వాత కొన్నేళ్ళు ఆందోళన, డిప్రెషన్‌ల మీద జరిగే పరిశోధనలో పనిచేశాను, ముఖ్యంగా కార్టిసాల్ అనే హార్మోన్ మీద. ఆ తర్వాత వరంగల్ వచ్చి ప్రాక్టీసు పెట్టుకున్నాను. ఇప్పుడు వారానికి ఒకరైనా మీ ప్రశ్నే అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పరీక్ష సంగతి. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. మన ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లో తయారవుతుంది. రక్తంలో కనిపించేది దాదాపు అంతా ప్లేట్‌లెట్లలో నిల్వ ఉంటుంది. అది మెదడులోకి పోలేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ సెరటోనిన్‌ను దాటనివ్వదు. మెదడు తనకు కావలసిన సెరటోనిన్‌ను ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తనే తయారు చేసుకుంటుంది. కాబట్టి రక్తంలోనో మూత్రంలోనో కొలిచే అంకె మీ చెల్లెలి పేగుల గురించీ ప్లేట్‌లెట్ల గురించీ చెబుతుంది తప్ప మనసు గురించి కాదు. మూత్ర పరీక్షకు ముందురోజు అరటిపండ్లు, టమాటాలు ఎక్కువ తిన్నా ఆ అంకె పెరుగుతుంది.

ఇంకో విషయం ఉంది, ఇది ల్యాబ్ వాళ్ళు చెప్పరు. ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ను సొంతంగా చేసుకోలేవు. రక్తంలోంచి లోపలికి లాక్కుంటాయి. అలా లాక్కునే ద్వారం, మెదడు కణాల మీద ఉండే ద్వారం ఒకే ప్రోటీన్‌తో తయారైనవి. ఎస్సిటాలోప్రామ్ మూసేది సరిగ్గా ఆ ద్వారాన్నే. అందువల్ల ఈ మందు కొన్ని వారాలు వాడినవాళ్ళ రక్తంలో సెరటోనిన్ బాగా పడిపోతుంది. అంటే మీ చెల్లెలు ఎంత కోలుకుంటున్నా ఆ రిపోర్టులో మాత్రం ఎర్ర అక్షరాల్లో "చాలా తక్కువ" అని వస్తుంది. అది చూసి మీరు భయపడతారు. ఆ భయం మీద ఎవరో ఒకరు ఒంట్లో సెరటోనిన్‌గా మారే 5-హెచ్‌టీపీ అనే సప్లిమెంటు అమ్ముతారు. అది ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే వణుకు, జ్వరం, గుండె వేగం, అయోమయం వచ్చే సెరటోనిన్ సిండ్రోమ్‌కు దారితీయొచ్చు. డబ్బు పోతే పోయింది, ఆ ప్రమాదం కొనితెచ్చుకోవద్దు.

ఇక వీడియో సంగతి. 2022లో లండన్‌కు చెందిన జోవానా మోన్‌క్రీఫ్, ఆమె సహచరులు ఒక సమీక్ష ప్రచురించారు. అప్పటిదాకా వచ్చిన సెరటోనిన్ పరిశోధనలన్నీ కలిపి చూస్తే, డిప్రెషన్‌కు కారణం సెరటోనిన్ తగ్గడమేనని చెప్పడానికి నిలకడైన ఆధారం లేదని దాని సారాంశం. సమీక్షలో ఏవి కలిపారు, ఏవి వదిలేశారు అన్నదాని మీద వాదనలు నడిచాయి. ఆ సారాంశం మాత్రం ఈ రంగంలో పనిచేసేవాళ్ళకు కొత్తేమీ కాదు. అయితే ఆ సమీక్ష మందులు పనిచేస్తాయా లేదా అన్నది పరీక్షించలేదు. మందు మానాలనుకునేవారు వైద్యుల సలహా తీసుకోవాలనే ఆ పరిశోధకులు కూడా చెప్పారు. వీడియోల్లో ఆ ముక్క ఉండదు.

సెరటోనిన్ మాట అసలు ఎలా పుట్టిందో తెలిస్తే మీ గందరగోళం చాలావరకు తీరుతుంది. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచితే, రోగులు హుషారుగా మారారు, ఆకలి పెరిగింది, వార్డుల్లో సందడి మొదలైంది. కొన్నేళ్ళకు స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే డాక్టరు ఇమిప్రమిన్ అనే మందును స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు కోసం పరీక్షించారు. అక్కడ అది పనిచేయలేదు గానీ, బాగా కుంగిపోయినవాళ్ళలో పనిచేసింది. ఆయన 1957లో ఆ ఫలితాలు ప్రచురించారు. రెండు మందులూ అనుకోకుండా దొరికాయి. ఎందుకు పనిచేస్తున్నాయో అప్పటికి ఎవరికీ తెలియదు.

మూడో దారం మన దేశానిది. మన అడవుల్లో దొరికే సర్పగంధి వేరును ఇక్కడి వైద్యంలో తరతరాలుగా వాడుతున్నారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ అది రక్తపోటును తగ్గిస్తుందని ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాక ప్రపంచం దానివైపు చూసింది. దాన్నుంచి తీసిన రిసర్పిన్ వాడిన కొందరిలో దిగులు కనిపించింది. అది మెదడులోని సెరటోనిన్, దానిలాంటివే అయిన నార్అడ్రినలిన్, డోపమిన్ అనే రసాయనాల నిల్వల్ని ఖాళీ చేస్తుందని 1950ల్లోనే తెలిసింది. ఇటు జూలియస్ ఆక్సెల్‌రాడ్ ఇమిప్రమిన్ లాంటి మందులు నార్అడ్రినలిన్ తిరిగి కణంలోకి పోకుండా ఆపుతాయని చూపించారు. ఆయనకు 1970లో నోబెల్ వచ్చింది. ఖాళీ చేసే మందుతో దిగులు, నిలిపే మందుతో ఊరట. ఈ రెండింటినీ కలిపితే "ఈ రసాయనాలు తగ్గడమే జబ్బు" అనిపించడం సహజం. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నార్అడ్రినలిన్ గురించి, 1967లో అలెక్ కాపెన్ సెరటోనిన్ గురించి ఆ ఊహను ముందుకు తెచ్చారు. అది పరీక్షించి చూడాల్సిన ఊహగా మొదలైంది. 1987లో అమెరికాలో సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లూఆక్సెటిన్ అనే మందుకు అనుమతి వచ్చాక కంపెనీల ప్రచారంలో తేలిన సత్యంగా మారింది. డాక్టర్లు కూడా రెండు నిమిషాల్లో రోగికి అర్థమయ్యేలా చెప్పాలి కదా అని అదే మాట వాడారు. రిసర్పిన్‌కూ దిగులుకూ సంబంధం మొదట అనుకున్నంత గట్టిది కాదని తర్వాతి పరిశీలనల్లో తేలినా ప్రచారం ఆగలేదు.

దీని తర్వాత జరిగిన ఒక ప్రయోగం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ట్రిప్టోఫాన్ లేని ప్రత్యేక ఆహారం ఇస్తే కొన్ని గంటల్లోనే మెదడులో సెరటోనిన్ తయారీ పడిపోతుంది. దీన్ని ఎప్పుడూ డిప్రెషన్ లేని ఆరోగ్యవంతుల మీద చేస్తే సాధారణంగా వాళ్ళకు దిగులు రాదు. కానీ 1990లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మందులతో కోలుకున్న రోగుల మీద చేసినప్పుడు చాలామందికి దిగులు తిరగబెట్టింది, మామూలు భోజనం పెట్టాక తగ్గింది. ముఖ్యంగా సెరటోనిన్ మీద పనిచేసే మందులు వాడుతున్నవాళ్ళలో ఇది కనిపించింది. సెరటోనిన్ తగ్గినంత మాత్రాన జబ్బు పుట్టదని, అయినా కోలుకోవడంలో దానికి నిజమైన పాత్ర ఉందని ఈ రెండు ఫలితాలూ కలిపి చదివితే తెలుస్తుంది. జబ్బు ఎందుకు వచ్చింది, మందు ఎలా పనిచేస్తుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వీడియోలు ఈ రెండింటినీ ఒకటి చేసేస్తాయి.

"అయితే ఇదంతా మనసులో ఊహేనా, ఒంట్లో ఏమీ లేదా?" అని మీ నాన్నగారు అడుగుతున్నారని రాశారు. ఒంట్లో ఉంది. అక్కడికే వస్తున్నాను.

భయం కలిగినప్పుడు మెదడు కింది భాగంలోని హైపోథాలమస్ పిట్యూటరీకి, పిట్యూటరీ కిడ్నీల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతాయి. అడ్రినల్ నుంచి కార్టిసాల్ వస్తుంది. పని అయ్యాక ఆ కార్టిసాలే మెదడుకు చేరి "ఇక చాలు" అని చెప్పి వ్యవస్థను ఆపాలి. తీవ్రమైన డిప్రెషన్‌లో చాలామందికి ఈ ఆపుదల సరిగ్గా జరగదు. నేను పరిశోధనలో కొలిచింది దీన్నే. లేచిన వెంటనే ఒకటి, అరగంటకు ఒకటి, మధ్యాహ్నం, పడుకునే ముందు, ఇలా రోజంతా లాలాజలం నమూనాలు తీసుకునేవాళ్ళం. ఉదయం పళ్ళు తోముకోకముందే ఇవ్వాలి, ఎందుకంటే చిగుళ్ళ నుంచి ఇసుమంత రక్తం కలిసినా లెక్క తప్పుతుంది. చాయ్ తాగకూడదు. లేచిన సమయం నిజాయితీగా రాయాలి. మామూలుగా లేచిన అరగంట, ముప్పావుగంటకు కార్టిసాల్ బాగా ఎగిసి, సాయంత్రానికి దిగిపోతుంది. గోదావరిఖని, భూపాలపల్లి గనుల్లో రాత్రి షిఫ్టులు చేసేవాళ్ళలో ఈ లయ జబ్బుతో సంబంధం లేకుండానే తలకిందులవుతుంది. అందుకే అలాంటి కొలతను ఎవరి మీద, ఏ వేళకు చేశారన్నది అడగకుండా ఒక్క అంకెను నమ్మలేం.

ఇలాంటి కొలతల్లో డిప్రెషన్ ఉన్న గుంపు సగటు, లేని గుంపు సగటు కంటే వేరుగా వస్తుంది. తేడా నిజమే. కానీ ఒక్కో మనిషి అంకెను విడిగా తీసి చూస్తే ఎవరు ఏ గుంపో చెప్పలేం. మగవాళ్ళ సగటు ఎత్తు ఆడవాళ్ళ సగటు కంటే ఎక్కువే. అయినా "ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు" అని మాత్రమే చెప్పి అది మగమనిషా ఆడమనిషా అంటే ఎలా చెబుతాం? డిప్రెషన్ జీవశాస్త్రంలో ఇప్పటిదాకా దొరికిన దాదాపు ప్రతి తేడా ఇలాంటిదే. పదేపదే డిప్రెషన్ వచ్చినవారిలో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ సగటున కాస్త చిన్నగా ఉంటుంది. కొందరి రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ ఎక్కువ ఉంటుంది. హెపటైటిస్ సి కోసం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వాడిన రోజుల్లో, అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్ళు కూడా డిప్రెషన్‌లోకి జారడం చూశాం. ఇవన్నీ గుంపుల్లో నిజాలు. మీ చెల్లెలి ఒక్క స్కానో ఒక్క రక్తపు చుక్కో చూసి చెప్పగలిగినవి కావు.

ఈ దారిలో ఒక పరీక్ష ఆస్పత్రుల దాకా వచ్చి వెనక్కి కూడా పోయింది. రాత్రి కార్టిసాల్‌ను పోలిన డెక్సామెథసోన్ అనే మాత్ర ఇచ్చి మర్నాడు కార్టిసాల్ తగ్గిందా లేదా చూస్తారు. 1981లో బెర్నార్డ్ కారల్ దీన్ని ఒక రకం తీవ్ర డిప్రెషన్‌ను గుర్తించే పరీక్షగా ప్రతిపాదించారు. కొన్నేళ్ళు చాలాచోట్ల చేశారు. కానీ డిప్రెషన్ ఉన్నా సగం మందిలో మామూలుగా రావడం, బరువు తగ్గినా, మద్యం మానేసినా, మతిమరుపు జబ్బు ఉన్నా తేడాగా రావడంతో నిర్ధారణ కోసం వాడటం మానేశారు. అది అంత పకడ్బందీ పరిశోధన. అలాంటిదే నిలబడకపోతే, ఆ ల్యాబ్ వాళ్ళు చెప్పే పరీక్ష ఎలా నిలబడుతుంది?

జన్యు పరీక్షల గురించి రెండు మాటలే. 2003లో సెరటోనిన్ ద్వారానికి సంబంధించిన ఒక జన్యువు, జీవితంలో కష్టాలు, ఈ రెండూ కలిస్తే డిప్రెషన్ వస్తుందని ఒక పేరున్న అధ్యయనం చెప్పింది. 2019లో లక్షల మంది సమాచారంతో చూస్తే అలాంటి పాత "డిప్రెషన్ జన్యువుల"కు ఆధారం దొరకలేదు. కవలల అధ్యయనాల ప్రకారం డిప్రెషన్‌లో వంశపారంపర్య పాలు 37 శాతం దాకా ఉంటుంది, కానీ అది వందల జన్యువుల మీద చిన్నచిన్న ముక్కలుగా పరుచుకుని ఉంది. సీవైపీ2సీ19 అనే కాలేయ ఎంజైమ్ జన్యువు మాత్రం ఎస్సిటాలోప్రామ్ ఒంట్లో ఎంతసేపు ఉంటుందో చెప్పగలదు. అది మోతాదు నిర్ణయించడానికి కొన్నిసార్లు పనికొస్తుంది, జబ్బు ఉందో లేదో చెప్పడానికి కాదు.

మరి మందు ఎలా పనిచేస్తుంది? ఎస్సిటాలోప్రామ్ లాంటివి మామూలు మోతాదులో మెదడులోని ఆ ద్వారాల్లో దాదాపు 80 శాతాన్ని మూస్తాయి. అది కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది. మనిషి తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఈ మధ్య కాలంలో ఏం జరుగుతోందన్నదే అసలు ప్రశ్న. సెరటోనిన్ కణాలు తమను తాము అదుపు చేసుకునే రిసెప్టర్లు, అంటే కబురు అందుకునే ప్రోటీన్లు, నెమ్మదిగా మొద్దుబారతాయి. బీడీఎన్ఎఫ్ అనే పోషక ప్రోటీన్ పెరుగుతుంది, కణాల మధ్య కొత్త అతుకులు ఏర్పడతాయి. 2003లో ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగంలో హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు పుట్టకుండా రేడియేషన్‌తో ఆపేస్తే ఫ్లూఆక్సెటిన్ పనిచేయలేదు. కాబట్టి మందు లోటును పూడుస్తుందనడం కంటే, మెదడు మళ్ళీ కొత్తగా నేర్చుకునే స్థితిని తెస్తుందనడం ఈరోజుకు తెలిసినదానికి దగ్గరగా ఉంటుంది. కెటమిన్ అనే మత్తుమందు వేరే దారిలో, గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనం ద్వారా పోయి, కొందరిలో గంటల్లోనే ఊరట ఇస్తుందని 2000లో మొదటిసారి చూపించాక ఈ ఆలోచన ఇంకా బలపడింది.

పనిచేస్తుందన్నదానికి ఆధారం వేరే చోట ఉంది. 2018లో లాన్సెట్ పత్రికలో ఆండ్రియా చిప్రియానీ బృందం 522 ట్రయల్స్‌ను, 1,16,477 మందిని కలిపి చూసింది. పరీక్షించిన 21 మందులూ పెద్దవారిలో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేశాయి. సగటు తేడా మోస్తరుదే, బ్రహ్మాండమైనది కాదు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడే మందు అవసరం ఎక్కువ. మొదటి మందుతో పూర్తిగా తేరుకునేవారు దాదాపు మూడో వంతు మందే అని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2006లో చెప్పింది. అందుకే ఏడు వారాలకు సగం నయమైతే అది విఫలం కాదు. మోతాదు పెంచాలా, కౌన్సెలింగ్ జోడించాలా, ఇంకొన్ని వారాలు చూడాలా అన్నది మీ డాక్టరుతో మాట్లాడాల్సిన సమయం వచ్చిందని మాత్రమే దానర్థం.

మీ చెల్లెలికి దడ, ఆందోళన కూడా ఉన్నాయి కాబట్టి ఆ వైపు కూడా చెప్పాలి. భయానికి మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగమే కేంద్రమని చాలామంది విని ఉంటారు. ఒక అరుదైన జబ్బుతో రెండువైపులా అమిగ్డాలా దెబ్బతిన్న మనుషుల్ని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి గమనించారు. ఎస్ఎం అనే అక్షరాలతో పిలిచే ఒకామెకు పాముల్ని చూసినా భయం కలగదు. 2013లో ఆమెతో, అలాంటి మరో ఇద్దరితో 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి పీల్పించారు. ముగ్గురికీ తీవ్రమైన భయం, ఊపిరాడని పానిక్ వచ్చాయి. బయటి ప్రమాదం చూసి కలిగే భయం ఒక దారి, ఒంటి లోపలి నుంచి పుట్టే భయం ఇంకో దారి అని అప్పుడు తేటతెల్లమైంది. "ఏ కారణం లేకుండా గుండె దడదడ కొట్టుకుంటాంది సారు, పాణం పోతదన్నంత బుగులైతాంది" అని పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు చెప్పినప్పుడు ఇంట్లోవాళ్ళు "దేనికి భయపడుతున్నవ్, ఇక్కడేమున్నది?" అంటారు. బయట ఏమీ లేకపోయినా ఆ భయం వస్తుంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక గట్టి హెచ్చరిక. ఎవరి సలహా లేకుండా మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలమ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర కొని వాడొద్దు. అది మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది. అరగంటలో హాయిగా ఉంటుంది. రోజూ పడుతుంటే ఆ గాబా రిసెప్టర్లు సర్దుకుపోతాయి, అంతే హాయికి ఎక్కువ మోతాదు కావాలి, హఠాత్తుగా ఆపితే మెదడుకు బ్రేకు లేనట్టవుతుంది. ఇది ఎలా ఉంటుందో ఉత్తర తెలంగాణలో పనిచేసే డాక్టర్లకు పుస్తకం చూడాల్సిన పని లేదు. కల్తీ కల్లులో కలిపేవాటిలో ఆల్‌ప్రజోలమ్, అదే జాతికి చెందిన డయాజిపామ్ ఉంటాయి. ఎక్సైజ్ వాళ్ళ దాడులు జరిగి సరఫరా ఆగిన వారంలో, కల్లు దొరకని వూళ్ళ నుంచి వరసగా వస్తారు. చేతులు వణుకుతుంటాయి, మెడలు వంకర పోతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివాళ్ళు కనిపిస్తున్నారంటారు. వాళ్ళలో చాలామంది వ్యసనపరులం అనుకోరు, కూలి పని చేసి సాయంత్రం ఒక సీసా కల్లు తాగినవాళ్ళు. ఏళ్ళ తరబడి తమకు తెలియకుండానే కల్లుతోపాటు ఆ మాత్రల మందు కూడా తాగారు. వాళ్ళను మళ్ళీ అదే జాతి మందుతో నిలబెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒక ఇంట్లో ముసలమ్మకు ఇలా అయితే "గాలి సోకింది" అని రెండు రోజులు తిప్పి అప్పుడు తీసుకొచ్చారు. దయచేసి ఈ లక్షణాలు గుర్తుంచుకోండి. మీ డాక్టరు మొదటి రెండు మూడు వారాలు ఇలాంటి మాత్ర కొద్ది మోతాదులో రాసి ఉంటే కంగారు పడొద్దు, అది వేరు. ఎప్పుడు ఆపాలో అడిగి తెలుసుకోండి.

అన్నీ మెదడు రసాయనాలే అయితే కష్టాల పాత్ర లేదా అని కొందరు అడుగుతారు. పత్తి తడిసిపోయి అప్పు మిగిలిన రైతు, కొడుకు గల్ఫ్ పోయి ఫోను చేయడం మానేసిన తల్లి, జీతం మూడు నెలలుగా రాని టీచరు, వీళ్ళ రంది గాల్లో ఉండదు. ఆ కష్టం కార్టిసాల్‌లో, నిద్రలో, ఆకలిలో దిగుతుంది. నా దృష్టిలో జీవశాస్త్రానికీ జీవితానికీ మధ్య గోడ కట్టినవాళ్ళే రోగులకు ఎక్కువ అన్యాయం చేశారు. "ఇది రసాయనం" అన్నప్పుడు ఇంట్లో పరిస్థితి ఎవరూ అడగరు. "ఇది మనసు" అన్నప్పుడు వైద్యం ఇప్పించరు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో మన దేశంలో ప్రతి 20 మంది పెద్దవారిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినట్టు, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందనట్టు తేలింది. మాట్లాడి చేసే వైద్యం కూడా నిజమైన వైద్యమే. గోవాలో పీహెచ్‌సీల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, 6 నుంచి 8 సార్లు కూర్చోబెట్టి మాట్లాడించి, రోజువారీ పనుల్లోకి మెల్లగా తిరిగి తెచ్చే పద్ధతి డిప్రెషన్‌ను తగ్గించిందని విక్రమ్ పటేల్ బృందం 2017లో చూపించింది. మీ చెల్లెలు పొద్దున లేచి స్నానం చేసి భద్రకాళి చెరువు కట్ట మీద ఓ పావుగంట నడిచినా అది వైద్యంలో భాగమే. బలవంతం చేయకండి, తోడు వెళ్ళండి.

పరీక్షలకు డబ్బు పెట్టాలనుకుంటే ఇవి చేయించండి, ఇంతకుముందు కాకపోతేనే: థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్, దడ ఉంది కాబట్టి ఒక ఈసీజీ. ఇవి డిప్రెషన్‌ను నిర్ధారించవు. అలా కనిపించే, లేదా దాన్ని పెంచే వేరే జబ్బుల్ని పట్టుకుంటాయి. ఏడాది పాటు "టెన్షన్" అని చెప్పించుకున్న ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. దడ, చేతుల వణుకు, బాగా తింటున్నా బరువు తగ్గడం. పరీక్షిస్తే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తోంది. దానికి వైద్యం చేశాక ఆందోళన మాత్ర అవసరమే పడలేదు. మెదడు స్కాన్ అందరికీ అక్కర్లేదు. ఫిట్స్, వాంతులతో తలనొప్పి, ఒక పక్క బలహీనత లాంటివి ఉంటేనే.

మందు ఎన్నాళ్ళు అంటే, పూర్తిగా బాగైన రోజు నుంచి కనీసం 6 నుంచి 9 నెలలు. సగం నయమైన రోజు నుంచి కాదు. తర్వాత డాక్టరు చెప్పినట్టు కొన్ని వారాలో నెలలో మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు రావొచ్చు. అది చూసి "మందుకు అలవాటు పడిపోయింది" అంటారు. ఆల్‌ప్రజోలమ్ మాదిరిగా మోతాదు పెంచుకుంటూ పోవాలనే తపన దీనికి ఉండదు గానీ, శరీరం సర్దుకున్నది కాబట్టి తగ్గించడం మెల్లగానే జరగాలి.

ఈ మందు మీద ఉండగా నొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి తరచూ వేసుకోవద్దు, కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది. పెళ్ళి, గర్భం ఆలోచన ఉంటే ముందే డాక్టరుతో చెప్పండి, దాచిపెట్టి ఆపేయకండి. 25 ఏళ్ళ లోపువారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని ఈ మందుల మీద హెచ్చరిక ఉంది. మీ చెల్లెలు ఆ వయసు దాటినా, మోతాదు మారిన ప్రతిసారీ గమనించండి. చావు మాట ఎత్తితే సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుల మందు ఉంటే ఆరోజే బయటికి పంపండి, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి అత్యవసర విభాగానికైనా మీ డాక్టరు దగ్గరికైనా వెంటనే తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు, ఏ వేళైనా ఉచితం.

చివరగా, తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరుకు తప్పక చెప్పాల్సినది ఒకటి ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఆమె నాలుగైదు రోజులకు పైగా నిద్ర లేకపోయినా అలసట లేకుండా, ఎప్పుడూ లేనంతగా మాట్లాడుతూ, డబ్బు విపరీతంగా ఖర్చు పెడుతూ గడిపిందా? లేక అమ్మానాన్నల వైపు ఎవరికైనా అలాంటి జబ్బు ఉందా? ఉంటే అది బైపోలార్ కావొచ్చు, అప్పుడు ఎస్సిటాలోప్రామ్ ఒక్కటే ఇవ్వడం మంచిది కాదు. ఏ ల్యాబూ చెప్పలేని ఈ సమాచారం మీ ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంటుంది. అమ్మను, మేనత్తలను కూర్చోబెట్టి అడిగి, కాగితం మీద రాసుకుని వెళ్ళండి.